ఇసుక దారిలో ఉంది

సెంట్రింగు చెక్కలు బిగించారు, సలాకలు కట్టారు. కంకర కుప్ప పోసి ఉంది, సిమెంటు బస్తాలు పరదా కింద భద్రంగా ఉన్నాయి. కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చింది, దాని వెంటే సాంసన్ మేస్త్రీ ముఠా భూపాలపల్లి నుంచి పొద్దున్నే దిగింది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఇసుక మాత్రం రాలేదు. గార్ల దగ్గరి తండాలో కడుతున్న ఆ రెండు గదుల బడికి సైటు ఇంచార్జి నవ్య. పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా రోడ్డుకూ సైటుకూ మధ్య తిరుగుతోంది.

ఆ తండా ఆమెదే. ఇవాళ స్లాబు పడకపోతే రేపు ముఠా జనగామకు పోతుంది. అక్కడ ఈ బడి కాంట్రాక్టరు చంద్రమౌళే ఇంకో పని మొదలుపెట్టి కాచుకు కూర్చున్నాడు. మళ్లీ ముఠా దొరికేసరికి వానలు పడతాయి, వాగు పొంగుతుంది. వాగు పొంగితే చిన్నపిల్లలు గార్ల బడికి పోలేరు. నవ్యతో పాటు ఒకటో తరగతిలో కూర్చున్న ఆడపిల్లలందరూ ఆ వాగు దగ్గరే చదువు మానేశారు. ఆమె ఒక్కతే మొండిగా దాటింది. అందుకే ఈ స్లాబు ఆమెకు ఉద్యోగం కాదు, పంతం.

ఈ ఇళ్లు కట్టే లోకంలో ఒక ఆచారం ఉంది. సరుకు కావలసిన రోజుకు ఒకరోజు ముందే కావాలని సైటువాడు చెప్తాడు. అది అబద్ధమని తెలిసిన లారీవాడు ఒకరోజు ఆలస్యంగా బయల్దేరతాడు. అబద్ధానికీ అబద్ధానికీ చెల్లు, సరుకేమో సరిగ్గా వేళకు దిగుతుంది. నవ్యకు ఈ తంతంటే ఒళ్లుమంట. పాలిటెక్నిక్ చదివిన పిల్ల కదా, ఉన్న రోజు ఉన్నట్టే చెప్పింది. నిజం చెప్పి ఎవరు బాగుపడ్డారు గనక! అందరూ తీరిగ్గా మర్నాటికి సిద్ధమయ్యారు. సిమెంటువాణ్ణీ కంకరవాణ్ణీ తిట్టి, బతిమాలి రప్పించుకుంది. మిగిలింది ఇసుక జయపాల్ ఒక్కడే.

జయపాల్‌ది రేగొండ. సొంత లారీ, తనే నడుపుకుంటాడు. ఎప్పుడు ఫోన్ చేసినా "దారిలనే ఉన్న చెల్లె" అంటాడు. ఒకసారి హారన్ కొట్టి వినిపిస్తేగాని నమ్మనని నవ్య పట్టుబడితే, ఇంటి ముందు నిలిపి ఉన్న లారీ ఎక్కి మరీ కొట్టి వినిపించాడు. నవ్య నమ్మింది. సంగతి బయటపడ్డాక ముఠా అంతా కడుపుబ్బ నవ్వుకుంది.

ఎండ ముదురుతోంది. దూరంగా మబ్బు కూడా కనిపించేసరికి నవ్యకు మనసు ఆగలేదు. మళ్లీ ఫోన్ చేసింది.

"ఏడున్నవ్ జయపాలన్నా?"

"మానుకోట దవాఖానల ఉన్న చెల్లె. నాయినను గార్లల మా అక్క ఇంటికాడ దింపుదామని లారీల ఎక్కించుకున్న. దారిల గుండెల నొప్పి అన్నడు. అక్కకు ఫోన్ జేసిన, వస్తున్నది. జర ఆగు."

"గిప్పుడే లేసిందా నొప్పి? పోయిన ఎండకాలంల మీ అవ్వ రెండుసార్లు సచ్చిపోయింది గద!"

అక్కడితోనైనా ఆగవలసింది. నవ్య ఆగలేదు.

"ఎవలన్న బతుకుండ్రి, ఎవలన్న సావుండ్రి. నాకు ఇసుక గావాలె. పిల్లల బడి అన్నా ఇది! ఇయ్యాల కాకుంటే ఇగ కాదు." అని ఫోన్ పెట్టేసింది.

సాంసన్ మేస్త్రీ బీడీ పారేశాడు. "గంత మాట అంటివేంది బిడ్డా?"

"అబద్ధాలకోరుకు మాటలు తాకుతయా కాకా?" అందిగానీ, లోపల ముల్లు గుచ్చుకుంది. మళ్లీ మబ్బు వంక చూసి ఆ ముల్లు సంగతి మరిచిపోయింది.

పొద్దు నడినెత్తి దాటాక దుమ్ము లేపుకుంటూ లారీ వచ్చింది. ముఠా ఈలలు వేసింది. "చూసినవా కాకా! తిడితేనే కదులుతరు," అని నవ్య గెలిచినట్టు నవ్వింది. తొట్టి లేచింది, ఇసుక జారింది, మిల్లరు తిరగడం మొదలుపెట్టింది. కోపమంతా దిగిపోయి, జయపాల్‌కు ఇన్ని మంచినీళ్లు ఇద్దామని ఆమె రెండో వైపు క్యాబిన్ తలుపు తీసింది.

సీటు కింద అరిగిన చెప్పుల జత ఉంది. ఒకటి బోర్లా పడి ఉంది.

"ఎవలియి అన్నా?"

"నాయినయి. ఎత్తుకొని లోపలికి ఉరికినం. తొడిగే పురసత్ ఏడిది?"

నవ్య చేతిలో నీళ్ల సీసా అలాగే ఉండిపోయింది. "మరి నువ్వెందుకొచ్చినవ్?"

"ఫోన్ల నీ మాటలు నాయినకు ఇనవడ్డయి. అక్క వచ్చినంక, 'పోయి దించిరా, పిల్లల బడి అంటున్నది గద' అన్నడు. నేను పోనంటే ఊకుంటలేడు." జయపాల్ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

ఆ మాటలన్నీ ఆయన విన్నాడు. 'సావుండ్రి' అన్నది కూడా విన్నాడు. నవ్యకు సిగ్గుతో ముఖం మండిపోయింది. ఆయన దగ్గరికే పోయి క్షమించమని అడగాలనుకుంది. స్లాబు పడుతుంటే ఇంచార్జి సైటు వదలకూడదు, అది చంద్రమౌళి పెట్టిన కట్టుబాటు. వదిలితే రేపటి నుంచి పనికి రావద్దనే రకం ఆయన.

"కాకా, నువ్వు జూసుకో," అని కేకేసి ఆమె లారీ ఎక్కింది. దారి పొడుగునా చంద్రమౌళి ఫోన్ మోగుతూనే ఉంది. ఆమె ఎత్తలేదు.

మానుకోట దవాఖానలో ముసలాయన ముక్కుకు గొట్టంతో పడుకుని ఉన్నాడు. జయపాల్ వంగి, "బడి కట్టే పిల్ల వచ్చింది నాయినా," అన్నాడు. ఆయన కళ్లు తెరిచి నవ్యను వెతుక్కున్నాడు. తిడతాడేమోనని ఆమె తల వంచుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"పడ్డదా బిడ్డా స్లాబు?" అన్నాడు, ఊపిరి కూడదీసుకుంటూ.

సైటు పనిలో చేరాక నవ్య ఎవరికీ అబద్ధం చెప్పలేదు. అదే ఆమె గర్వం.

"పడ్డది బాపు. మంచిగ పడ్డది," అంది.

తండాలో అప్పటికి సగం కూడా కాలేదు.