ఎర్ర తివాచీ కింద నల్ల పలక

నేను ఒక నేల పలకను. పైన నల్లటి పొర, అడుగున ఇనుప రేకు, ఆ కింద భూమిలోకి దిగే రాగి తీగ. నడిచే మనుషుల ఒంట్లో రాపిడికి పుట్టే కరెంటును చప్పుడు లేకుండా మింగి భూమికి అప్పగించడమే నా పని. కాకినాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రి సర్వర్ గదిలో నన్ను పరిచిన రోజున, ఆ సర్వర్లు చూసుకునే నూకరత్నం మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పలకనూ మీటరు పెట్టి పరీక్షించింది. నన్ను అంత శ్రద్ధగా ముట్టుకున్న మనిషి మరొకరు లేరు.

మేనేజరు గోవర్ధనానికి నా మొహం నచ్చలేదు. చైర్మన్ మేడమ్ చూడ్డానికి వస్తున్నారని, నా మీద జిగురు పూయించి ఎర్రటి నైలాన్ తివాచీ వేయించాడు.

“వద్దండి సార్. ఏసీ గాలి పొడిగా ఉంటాదండి. దీని మీద నడిచొచ్చి మిషన్ ముట్టుకుంటే షాక్ కొట్టి పాడైపోద్దండి,” అంది నూకరత్నం.

“నేల మీద నడవడం కూడా నీ దగ్గరే నేర్చుకోవాలా అమ్మా?” అని నవ్వాడాయన.

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

జనవరిలో ఓ ఉదయం, మూత తీసి ఉన్న సర్వర్‌లో నూకరత్నానికి ఏదో చూపించబోయి ఆయనే వేలు పెట్టాడు. టప్‌మంది. ఆ పూట చేసిన రక్తపరీక్షల ఫలితాలన్నీ పోయాయి. డెంగ్యూతో పడుకున్న ఐదేళ్ల పాపకు మళ్లీ సూది గుచ్చారు. ఆ ఏడుపు గోడ దాటి నాదాకా వచ్చింది. సాయంత్రానికల్లా గోవర్ధనం కాగితం రాశాడు, తప్పంతా నూకరత్నానిదని. ఆమెను సస్పెండ్ చేశారు. వేలు ఒకరిది, వేటు మరొకరికి. మనుషుల న్యాయం అలాగే ఉంటుంది.

పది రోజుల తరువాత ఆ గదిలోనే విచారణ. మేడమ్ ఎదుట నూకరత్నం మూడు పాత మిషన్లు ఆన్ చేసి, మూతలు తీసి పెట్టింది. పనిచేసే సర్వర్ల జోలికి పోలేదు. నేనైతే పోయేదాన్ని.

“సార్, గుమ్మం దగ్గర్నుంచి నడిచొచ్చి మీరే దీన్ని ముట్టుకోండి.”

నడిచాడు. టప్! తెర నల్లబడింది.

“పాతది కదా మేడమ్, దానంతటదే పోయుంటుంది,” అన్నాడు.

“అందుకే ఇంకోటి తెచ్చానండి. మళ్లీ నడవండి.”

టప్!

“ఇంకొక్కసారండి.”

మూడో దెబ్బకు గోవర్ధనం వేలు నోట్లో పెట్టుకున్నాడు. ఆ క్షణంలో నాకు చేతనైనా సరే, ఆ షాకుల్ని ఆపి ఉండేదాన్ని కాదు.

“చాలు. మనుషుల్ని పిలిచి తివాచీ పీకించండి,” అన్నారు మేడమ్.

“వేరే మనుషులెందుకండి? వేయించినోరే పీకుతారు,” అంది నూకరత్నం.

తెల్ల చొక్కాతో మోకాళ్ల మీద కూర్చుని పీకాడు. జిగురుతో పాటు నా నల్లపొర కూడా ఊడిపోయింది. పోతే పోయింది, ఆ చెమట చూశాను.

“క్షమించమ్మా,” అని గొణిగాడు.

“నాక్కాదండి. ఆ పాపకి చెప్పండి.”

నూకరత్నానికి ఉద్యోగం తిరిగొచ్చింది. గోవర్ధనానికి ఉద్యోగం పోనే లేదు. నేను పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరాను. నా వెనకే వచ్చిపడిన పలకలు కబురు మోసుకొచ్చాయి: పాప ఇంటి చిరునామా చీటీ మీద రాసి, రోజూ పొద్దున్నే నూకరత్నం ఆయన బల్ల మీద పెడుతోందట. ఆయన రోజూ చింపేస్తున్నాడట.

ఇవాళ్టిదీ పెట్టే ఉంటుంది.