అర అంగుళం పక్కకి

మ్యాపులు గీసే ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ అంగుళంగారు అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆయనా దాన్ని బిరుదు కిందే జమ కట్టుకున్నారు. భార్య అలిగితే తనకెన్ని అంగుళాల దూరంలో కూర్చుంటుందో కూడా కచ్చితంగా చెప్పగల మనిషి. ఊరి బయట పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని జనం పిలుచుకునే మూడు శిఖరాలున్నాయి. వాటి మ్యాపు పద్దెనిమిదేళ్ల కిందట ఆయన చేత్తోనే గీశారు. ఆ కొండల మీద మాత్రం ఏనాడూ కాలు పెట్టలేదు. సర్వేవాళ్ళు పంపిన అంకెల్ని బట్టి కుర్చీలో కూర్చుని గీసేవాడికి కొండెక్కాల్సిన ఖర్మేమిటని ఆయన ఉద్దేశం.

మీ మ్యాపు పట్టుకుని వెళ్తే చూపిన చోట నడిపోడు లేదని ఏడాదికి రెండో మూడో ఉత్తరాలు వచ్చేవి. "మ్యాపు సరిగానే ఉంది, మీ నడకే సరిగా లేదు" అని అంగుళంగారు అందరికీ ఒకటే జవాబు పంపేవారు. చివరికి ఒక నర్సు రాసింది. మ్యాపులో శిఖరం ఉన్న చోట బురదలో దిగబడి, కాలు బెణికి, తెల్లవార్లూ అక్కడే పడి ఉన్నానని. ఆవిడ ఆ ఉత్తరం పై ఆఫీసుకి కూడా పంపింది. దాంతో ఆఫీసరుగారికి చెమటలు పట్టాయి.

"ఎవరో ఒకరు వెళ్ళి, మూడు శిఖరాలూ ఎక్కి, మ్యాపు సరైనదేనని సంతకం పెట్టాలి," అన్నారాయన. "హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ సీటు ఎలాగూ ఖాళీగా ఉంది. సంతకం పెట్టినాయన అందులో కూర్చుంటాడు. రిపోర్టు టైపు చేయించి ఉంచాను, మీరు తిరిగి రావడమే తరువాయి."

"నాకు తోడుగా ఇంకొకర్ని..."

"ఒక్కరే వెళ్ళాలండీ. ఇద్దరు వెళ్తే రెండు అభిప్రాయాలొస్తాయి."

ఆ సీటు కోసం అంగుళంగారు పదకొండేళ్లుగా కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తున్నారు. మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు.

శనివారం పొద్దున్నే వీపుకో పెద్ద బ్యాగు తగిలించుకుని బయల్దేరారు. అందులో చిన్న గుడారం, భూతద్దం, రెండు స్కేళ్ళు, మూడు జతల మేజోళ్ళు ఉన్నాయి. తాగే నీళ్ళు మాత్రం ఒక్క సీసా. "మొత్తం ఏడంగుళాల నడక. దానికింత హడావుడెందుకు?" అన్నారు భార్యతో. మ్యాపులో అంగుళమంటే నేల మీద రెండు కిలోమీటర్లు. ఆ సంగతి ఆయనకు తెలుసు గానీ, ఆయన కాళ్ళకి తెలియదు.

పెద్దోడు ఎక్కేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అయినా శిఖరం మ్యాపులో ఉన్న చోటే ఉంది. దాని మీద నిలబడి, కొండని తనే కన్నంత గర్వంగా చుట్టూ చూశారు. అక్కణ్ణించి తలెత్తకుండా దిక్సూచి చూసుకుంటూ, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిపోడి వైపు దిగారు. పొద్దువాలే వేళకి, మంచు కమ్ముకుంటుండగా, సరిగ్గా శిఖరం ఉండాల్సిన చోట మోకాలి లోతు బురదలో నిలబడి ఉన్నారు.

ముందు మ్యాపు చూశారు. తర్వాత నేల చూశారు. ఎంత చూసినా తప్పు నేలదే అనిపించింది. "సర్వేవాళ్ళు వెళ్ళాక కుంగిపోయుంటుంది," అని పైకే అనుకున్నారు. ఒక బూటు అక్కడే వదులుకుని ఎలాగో గట్టెక్కి, గుడారం వేసుకుని ముడుచుకున్నారు. రాత్రంతా చలి, ఆ బురదలో కప్పల గోల. కాలు బెణికిన మనిషి ఇక్కడ గుడారమైనా లేకుండా ఎలా పడి ఉందో అన్న ఆలోచన రానీయకూడదని చూశారు. అది వచ్చింది. వచ్చి, పొమ్మన్నా పోలేదు.

తెల్లారి మంచు విడింది. తూర్పున, కిలోమీటరు దూరంలో, నడిపోడు నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉంది. కిలోమీటరు అంటే అర అంగుళం. అంగుళంగారికి అప్పటికి గానీ గుర్తు రాలేదు. పద్దెనిమిదేళ్ల కిందట మ్యాపు పూర్తయ్యాక, మూలనున్న గడిలో ఆఫీసరుగారి పేరు రాయాల్సి వచ్చింది. పేరు పొడుగు, డిగ్రీలు అంతకన్నా పొడుగు. ఏ ఒక్కటీ తగ్గించడానికి ఆయన ససేమిరా అన్నారు. గడి పెంచితే నడిపోడి మీదకొచ్చింది. డిగ్రీలు జరపలేక, అంగుళంగారు కొండని జరిపారు.

తల కొట్టేసినట్టయింది. ఒంటి బూటుతోనే నడిపోడు ఎక్కారు, ఆ తర్వాత చిన్నోడు కూడా ఎక్కారు. ఎక్కినంతసేపూ సిగ్గుతో చచ్చిపోయారు.

సోమవారం ఆఫీసరుగారి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆయన మ్యాపు దగ్గరికి లాక్కుని తన పేరు వంక చాలాసేపు చూశారు.

"అంటే, నా పేరు తప్పంటారా?"

"పేరు కాదండీ, కొండ..."

"నడిపోడు ఎక్కారా, లేదా?"

"ఎక్కానండీ."

"అయితే నడిపోడు ఉన్నట్టేగా. మ్యాపులోనూ ఉంది, నేల మీదా ఉంది. ఇంక గొడవేముంది? సంతకం పెట్టండి."

హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ సీటు అద్దాల తలుపు వెనక నుంచి కనపడుతోంది. భార్య అప్పటికే వీధంతా చెప్పేసింది. అంగుళంగారు సంతకం పెట్టేశారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కాలేజీలో చదివే కూతురు మ్యాపుల కట్ట ముందేసుకుని కూర్చుని ఉంది.

"నాన్నా, నువ్వు ఒక్కడివే వెళ్ళొచ్చావని చెప్తే మా క్లాసంతా మేమూ వెళ్తామని లేచింది! ఆదివారం పన్నెండు మందిమి వెళ్తున్నాం. మా నాన్న గీసిన మ్యాపని అందరి చేతా ఇదే కొనిపించా."

అంగుళంగారు విప్పిన చొక్కా కుర్చీ మీద పడేశారు. పక్కన కూర్చుని, పెన్సిల్ తీసుకుని, ఒక మ్యాపులో నడిపోడిని కొట్టేసి, సరైన చోట చుక్క పెట్టారు. రెండో మ్యాపు తీశారు.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"ఇది తప్పమ్మా. అక్కడ కొండ లేదు, బురదుంది. నేనే జరిపాను."

ఆ పిల్ల నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగింది. వంటింట్లోంచి భార్య కూడా వచ్చి నిలబడింది. ఆయన పన్నెండూ దిద్దారు.

"మావి దిద్దావు సరే, మరి షాపుల్లో ఉన్నవో?" అంది కూతురు నెమ్మదిగా.

ఎన్నున్నాయో ఆయనకి తెలుసు. ఆరు వేలు. అన్నిటికీ హామీగా ఆ మధ్యాహ్నమే సంతకం పెట్టి వచ్చారు. తన పిల్లకి పెన్సిలూ, ఊళ్ళో పిల్లలకి బురదా. ఇంత నీచానికి దిగుతానని ఆయన ఏనాడూ అనుకోలేదు. లేచి, విప్పిన చొక్కా మళ్ళీ తొడుక్కున్నారు.

"ఎక్కడికండీ ఈ వేళప్పుడు?" అంది భార్య.

"ఆఫీసరుగారింటికి. ఆ సంతకం కొట్టేసి వస్తాను."

"కొట్టేస్తే సీటు?"

"పోతుంది. ఆయన కోపం మీదుంటే ఉద్యోగం కూడా పోవచ్చు."

వీధంతా చెప్పుకొచ్చిన మనిషి, కళ్ళు తుడుచుకుని వంటింటి వైపు నడిచింది.

"అయితే అన్నం తిని వెళ్ళండి. ఉద్యోగం పోగొట్టుకోడానికి ఖాళీ కడుపుతో ఎందుకు?"