డయాలసిస్ బండి

చరోదా రైల్వే క్వార్టర్లలో ఇద్దరిని ఎక్కించుకుని బాలశౌరి వ్యాన్‌ను కోహ్కా బస్తీ వైపు తిప్పాడు. గుంత కనిపించగానే గేరు తగ్గించి, బండిని మనిషి నడకంత మెల్లగా దాటించాడు. వెనక కూర్చున్నవాళ్ల ఒళ్లు ఏ చిన్న కుదుపునూ ఓర్చుకునే స్థితిలో ఉండదు. కరుణమాత ఆసుపత్రిలో డయాలసిస్ రోగులను తెచ్చి, దింపి వచ్చే డ్రైవరు అతను. పొట్టి మనిషి, లావు మెడ, నెరిసిన మీసం, ఎప్పుడూ మోచేతుల పైకి మడిచిన చొక్కా.

అతను పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. అప్పుడది రేకుల షెడ్డు. గుంటూరు వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి, ఇక్కడి ఉక్కు కర్మాగారం విస్తరణ పనుల్లో ఇటుకలు మోసిన అతని తల్లికి కేరళ నుంచి వచ్చిన ఇద్దరు సిస్టర్లు అక్కడ పురుడు పోశారు. వాళ్లలో చిన్నావిడ వెరోనికా. కూలీల బస్తీలకు మందులు పట్టుకుని జీపు తానే నడుపుకుంటూ వెళ్లేది. శౌరికి మీసాలొచ్చాక అదే జీపులో డ్రైవింగ్ నేర్పింది. "బ్రేకు కాలితో కాదు, కళ్లతో వెయ్యాలి" అనేది. షెడ్డు పోయి మేడలు లేచాయి గానీ ఆ మాట మాత్రం అతని కాలిలో ఉండిపోయింది.

కోహ్కాలో శంకరరావు ఎప్పుడూ వాకిట్లో కుర్చీ వేసుకుని బండి కోసం చూస్తుండేవాడు. విజయనగరం నుంచి వచ్చి, ఆ కర్మాగారంలోనే ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేసి రిటైరైన మనిషి. ఇవాళ కుర్చీ ఖాళీగా ఉంది. శౌరి లోపలికెళ్లాడు.

"ఏటి బాబాయ్, తయారవలేదా?"

"నానింక రాన్రా శౌరీ." శంకరరావు మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. "డ్యూటీకెళ్లినట్టు ఎల్తన్నాను, వస్తన్నాను. మిషన్ మీద ఒక పూట, వచ్చి పడిపోడం ఒక పూట. మీ పిన్నితో నాలుగు మాటలాడ్డానికి ఓపికుండట్లేదు. సాల్రా."

"రాత్రి నుంచీ అదే మాట," అంది ఆయన భార్య కన్నమ్మ, పొయ్యి వైపు తిరిగి. "నువ్వైనా సెప్పు బాబూ."

రానని మొండికేసినవాళ్లను "చల్, చల్" అని నవ్విస్తూ లేవదీయడం శౌరికి అలవాటే. ఇవాళ లేవదీయడానికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. శంకరరావు చేతి మీద, డయాలసిస్ సూదులు గుచ్చేచోట, నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. బండిలో మిగతావాళ్లు ఎదురుచూస్తున్నారు. "మళ్లీ వస్తాను" అని బయటికొచ్చేశాడు.

వాళ్లను ఆసుపత్రిలో దింపి నేరుగా సిస్టర్ వెరోనికా దగ్గరికెళ్లాడు. ఇప్పుడామె వాకర్ పట్టుకుని నడుస్తుంది. రోజూ ఓపీ ముందు కూర్చుని వచ్చినవాళ్లను పలకరిస్తుంది. ఎత్తుకునైనా తీసుకురమ్మంటుందనుకున్నాడు. ఆమె అంతా విని, "బండి తియ్యి" అంది.

కోహ్కా చేరాక ఆమె శంకరరావు మంచం అంచున కూర్చుని, కూలీ ఆడవాళ్ల దగ్గర నేర్చిన తెలుగులో అడిగింది. "భయమా, అలుపా?"

"అలుపే, సిస్టర్."

"మానేస్తే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు. డాక్టర్‌గారు సెప్పినారు."

ఆమె కన్నమ్మ వైపు తిరిగింది. కన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆరికి నొప్పి లేకపోతే సాలు. నానొక్కద్దాన్నీ సూసుకోలేను, సిస్టర్."

"ఒక్కదానివి కావు," అంది వెరోనికా ఆమె చెయ్యి పట్టుకుని. "ఆసుపత్రే ఇక్కడికి వస్తుంది. ఈయన మనసు ఎప్పుడు మారినా శౌరి బండి వస్తుంది."

మధ్యాహ్నం డాక్టరు వచ్చి, తొందర లేకుండా కూర్చుని, ఇద్దరి మాటలూ విన్నాడు. ఆయాసానికి, నొప్పికి మందులిచ్చాడు. రెండు పూటలా నర్సు వచ్చే ఏర్పాటు చేశాడు. శౌరి గుమ్మం బయట నిలబడి విన్నాడు. మనిషిని ఆసుపత్రికి చేర్చడంతో తన పని అయిపోతుందని అతను ఇన్నేళ్లూ అనుకున్నాడు.

సాయంత్రం అందర్నీ ఇళ్ల దగ్గర దింపి, మళ్లీ కోహ్కా వచ్చాడు.

"ఏమైనా కావాలా బాబాయ్?"

శంకరరావు మొహమాటపడ్డాడు. "ఒకసారి ప్లాంటు గోడ పక్కనుంచి తిప్పుతావేటి?"

భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. గోడ పక్కన ఖాళీ స్థలం చూసి శౌరి బండి ఆపాడు. లోపల ఎక్కడో ఫర్నేసులోంచి తీసిన స్లాగు, నిప్పులా కరిగిన మడ్డి, పారబోసినట్టున్నారు, మసకబారిన ఆకాశం అంచున ఎరుపు లేచింది. శంకరరావు కిటికీకి నుదురు ఆనించాడు.

"సూడయే. పెళ్లైన కొత్తలో ఊరు తగలడిపోతందని ఏడిసినావు."

"మరి నాకేటి తెలుసు," అంది కన్నమ్మ. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూసి ఆమె కూడా నవ్వింది. ఆ ఎరుపు ఆరిపోయేదాకా శౌరి ఇంజను స్టార్ట్ చేయలేదు.

ఇంటి దగ్గర శంకరరావు దిగలేకపోయాడు. శౌరి ఆయన్ని రెండు చేతులమీదా ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టాడు. "పదిలంగా దింపినావురా" అన్నాడాయన.

వారం తిరక్కముందే ఒక ఉదయం, నర్సు మొహం తుడుస్తుండగా, కన్నమ్మ చేతిలో చెయ్యి ఉండగానే శంకరరావు వెళ్లిపోయాడు. ఆయాసపడలేదు. వెరోనికా వచ్చి మంచం పక్కన మౌనంగా ప్రార్థన చేసుకుంది. కన్నమ్మ తలవైపు దీపం పెట్టింది.

ఆ మర్నాడు బండి ఊడుస్తుంటే కిటికీ సీటు కింద లోపలి మూలన శౌరి చీపురుకు ఏదో తగిలింది. వంగి చూశాడు. ప్లాంటు గోడ పక్కన ఆగిన సాయంత్రం కాళ్లు చాపుకోవడానికి శంకరరావు విప్పిన పాత ప్లాంటు బూట్లు, వాచిన పాదాలు పట్టడానికి లేసులు తీసేసి, నాలుకలు బయటికి లాగి, పక్కపక్కనే ఉన్నాయి.