హాస్కెల్ కట్ట

న్యూ మెక్సికోలోని మా లోయలోని చిత్తడినేల, చట్టం లెక్కలో నీరు అవునో కాదో తేల్చడానికి కేంద్రప్రభుత్వ అధికారి రబ్బరు బూట్లతో అందులోకి దిగాడు. మోకాళ్ల దాకా మునిగాడు. పైకొచ్చి బురద తుడుచుకుంటూ, "ఇది నీటిని కాపాడే కేంద్ర చట్టం కిందికి రాదు" అన్నాడు.

నదిలో కలవని నీటిని ఆ చట్టం పట్టించుకోదట. చిత్తడికీ నదికీ మధ్య కట్ట ఉంది. దాన్ని పోయినవారమే గని కాంట్రాక్టర్ హాస్కెల్ బుల్డోజర్‌తో పోయించాడు. ఇక గని చెత్తతో చిత్తడిని పూడ్చేయొచ్చు. మా బావుల్లో ఊరేది ఆ నీరే.

"ఆ కట్ట నిన్నగాక మొన్న వేసిందయ్యా," అంది ఎఫీమియా అత్త. మా సాగుకాలువకు పెద్ద ఆమే.

"నేను చూసినప్పుడు ఎలా ఉందో అదే రాస్తానమ్మా."

"పీక పిసికినోడు పక్కనే ఉన్నా, చచ్చినోడికి ముందునుంచే ఊపిరాడట్లేదని రాస్తావన్నమాట."

పక్కనే నిలబడ్డ హాస్కెల్ నవ్వాడు. ఎందుకు నవ్వడు, వాడు తాగేది సీసా నీళ్లు.

సాయంత్రం ఊరివాళ్లం చర్చిలో కూర్చున్నాం. మా పొరుగింటి సెవెరో కోర్టుకు వెళ్దామన్నాడు.

"కోర్టు మేలుకునేలోపు బావులు చస్తాయిరా," అంది అత్త. "ఏటా కాలువ పూడిక తీతకి ఇంటికో పార పంపుతాం కదా. ఈసారి ఆ కట్ట దగ్గర మొదలెడదాం."

"అది కాలువ కాదు కదత్తా?"

"నీళ్లకి అడ్డంపడ్డది పూడిక కాదా?"

శనివారం రాని ఇల్లు లేదు. ఏటా నడుంనొప్పి అనే సెవెరో కూడా పార పట్టాడు. కట్టను తవ్వి, మట్టిని అత్త చెప్పినట్టే చిత్తడిలోకి విసిరాం. మధ్యాహ్నానికి నీరు నదిలో పడింది.

షెరీఫూ అధికారీ వచ్చారు, వెనకాల హాస్కెల్.

"ఎవరు తవ్వారు?" అన్నాడు షెరీఫ్. అందరం పారలెత్తాం.

అధికారి గొంతు సవరించుకున్నాడు. "అనుమతి లేకుండా చిత్తడిలో మట్టి పోశారు. ఇప్పుడది నదిలో కలుస్తోంది. కేంద్ర చట్టం కింద నేరం."

హాస్కెల్ మొహం మాడిపోయింది. అత్త చేతులు చాచింది.

"ఆ ముక్కే రాసి సంతకం పెట్టు నాయనా. తర్వాత బేడీలెయ్యి."

ఆయన రాశాడు. మమ్మల్ని దొంగల్ని చెయ్యాలంటే చిత్తడిని నీరని ఒప్పుకోక తప్పలేదు, ఆ మహానుభావుడికి. ఇక హాస్కెల్ అందులో చెత్త పోసినా అదే నేరం. అత్తని జీపెక్కించారు.

ఆ వెంటనే, తెగిన కట్టను మళ్లీ పూడ్చెయ్యడానికి హాస్కెల్ బుల్డోజర్‌ను పిలిపించాడు. కట్ట తెగిన చోట నడుంలోతు నీళ్లలో మేం పారలతో నిలబడ్డాం. ముందు వరసలో సెవెరో ఉన్నాడు. బుల్డోజర్ మా ఎదురుగా వచ్చి ఆగింది. ఎవరూ కదల్లేదు.