పగడాలు వియ్యాలవారింటికి

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ఆటోలోంచి బయలుదేరిన ‘పగడాలు’ అశోక్‌నగర్‌లో ఫోనెత్తిన వియ్యపురాలు వేదవతి చెవి చేరేసరికి ‘పకోడాలు’ అయ్యాయి. మధ్యలో రెండు బస్సులు, ఒక బ్యాండు మేళం, బ్రేకు కన్నా హారన్‌నే నమ్ముకున్న ఆటోడ్రైవరు. ఇంతమంది చేతిలో పడ్డ మాట పచ్చిగా ఎలా మిగులుతుంది? వేగిపోయింది.

“వదినా, పగడాలకు పురుగులు పట్టినయ్! మందు నీళ్లల్ల కడిగి తెస్తం. అయినా జర కొన్ని దినాలు వేరేగ పెట్టుండ్రి. అన్నయ్యగారికి చెప్పు!” అని అరిచి దమయంతి ఫోను పర్సులో పడేసింది.

పక్కన అయోడిన్ సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న భర్త కిషన్ రావు ఆత్రంగా అడిగాడు. “ఏమన్నది?”

“‘మీరు ప్రేమగా తెస్తుంటే వద్దంటామా’ అన్నది. ఎంత మంచి మనిషయ్యా!”

కిషన్ రావు గుండె కుదుటపడింది. ఆడపిల్ల తండ్రి వియ్యంకుడితో నేరుగా చేదు మాట చెప్పడం ఈ రెండిళ్లలోనూ లేదు. మంచి కబురైతే బావగారికి బావగారే ఫోన్ చేసుకుంటారు. పెళ్లి భోజనాల్లో పెదనాన్నకు పెరుగు అందలేదన్న కబురైతే మాత్రం వంటింటి దారిన, వదిన నుంచి వదినకు పోవాలి. పురుగుల కబురూ ఆ దారినే పోయింది.

చిక్కడపల్లిలో కిషన్ రావు వాళ్లుండే అపార్ట్‌మెంటును కూల్చి మళ్లీ కట్టబోతున్నారు. అది పూర్తయ్యేదాకా అడిక్‌మెట్‌లో కిరాయికి దిగాలి. ఆ ఇంటాయన “మనుషులైతే ఓకే సార్, సముద్రమైతే వద్దు” అనేశాడు. ఇంట్లో ఉప్పునీటి తొట్టిలో పెంచడానికి బొటనవేలంత ముక్కగా తెచ్చుకున్న, ప్రాణమున్న ఆకుపచ్చ పగడం కిషన్ రావు చేతుల్లో పెరిగి పెరిగి అన్నం పళ్లెమంత అయింది. దానికిక మిగిలిన దిక్కల్లా, ఉప్పునీటి అక్వేరియం ఉన్న వియ్యంకుడు సూర్యనారాయణమూర్తే. “కోడల్ని తెచ్చుకున్నవాళ్లం, కోడలి పగడాల్ని తెచ్చుకోలేమా!” అన్నాడాయన, అడగకముందే.

ఆ మంచితనమే కిషన్ రావును పరేషాన్ చేసింది. తన తొట్టిలో ఉన్నది మామూలు పురుగు కాదు. పగడం రంగులోనే ఉండి, పగడాన్నే తిని బతికే రకం. అది కాలు పెడితే మూర్తిగారి తొట్టిలోని పగడాల తోటంతా పోతుంది. ఆ తర్వాత తన కూతురు తన్మయి ఆ ఖాళీ అద్దం ముందు నుంచే రోజూ అత్తమామలకు కాఫీలు తీసుకెళ్లాలి.

మర్నాడు పొద్దున్నే పాచి ముఖంతో పాచి గీకడానికి కూర్చున్నాడు. తన పళ్లు తోముకోలేదు గానీ పగడాలు అంటుకున్న రాళ్లన్నిటికీ బ్రష్షు పట్టాడు. పగడం కడగడం అంటే కడగండ్లే! మెత్తటి ఒంటికి బ్రష్షు తగలకూడదు, కుళాయి నీళ్ల చుక్క పడకూడదు. తొట్టి నీళ్లే బకెట్లోకి తోడి అయోడిన్ వేస్తే డికాషన్ రంగు తిరిగాయి. అందులో ముంచి మెల్లగా ఊపగానే పురుగులు సన్నటి పొట్టులా రాలాయి.

“నా మొహమన్న ఎన్నడు ఇంత పట్టి చూసినవా?” అంది గుమ్మంలోంచి దమయంతి.

“నీ మొహం మీద పురుగులున్నయా, చూడనీకి?”

“ఉన్నయ్ గద, ఎదురుంగ కూసుంది ఒకటి!”

కిషన్ రావు ఆకుపచ్చ పగడాన్ని తిరగేసి చూస్తున్నాడు. మందుకు పురుగులు చస్తాయి, గుడ్లు చావవు. పాత ఏటీఎం కార్డు అంచుతో గీకినన్ని గీకాడు. ఒక సందులోకి మాత్రం కార్డూ పోలేదు, చూపూ పోలేదు. వేరేగా పెట్టమని చెప్పించడం మంచిదైంది అనుకున్నాడు.

అశోక్‌నగర్‌లో తలుపు తీసిన వేదవతి మూతపెట్టిన బకెట్టు చూసి కళ్లు తేలేసింది. “ఇన్నా! ఎందుకండీ అన్నయ్యగారూ ఇంత శ్రమ!” అని, అతి జాలిగా, “వేరేగా పెట్టడానికి డబ్బా కడిగి ఉంచానండీ” అంటూ స్టీలు డబ్బా చూపించింది. డబ్బాలో ఎట్ల బతుకుతయని కిషన్ రావు అడిగేలోపే మూర్తి చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి ఎదురొచ్చి, మూత తీసి ఆకుపచ్చ పగడాన్ని రెండు చేతులా అందుకుని తెరిచి ఉంచిన అక్వేరియం వైపు నడిచాడు.

“బావగారూ, అది... వేరేగ...”

“వేరేగానా? మీ ఇంటి పిల్లని గడప బయట కూర్చోబెడతామా! సరాసరి నట్టింట్లోకే.”

కిషన్ రావు దమయంతి వైపు చూశాడు. దమయంతి వేదవతి వైపు చూసింది. వేదవతి డబ్బా వైపు చూసింది. పగడం నీటికి జానెడు ఎత్తులో ఉంది. వంటింటి దారిన పోయి రావడానికి ఇప్పుడు వేళ లేదు. కిషన్ రావు వియ్యంకుడి మణికట్టు పట్టేసుకున్నాడు.

“ఆగుండ్రి! పురుగులున్నయ్ దాంట్ల! కడిగిన, గీకిన. అయినా గుడ్లుంటే మీ తోటంత తింటయ్. కోపమొస్తే తిట్టుండ్రి, నేను వాపస్ తీసుకపోత.”

మూర్తి తన చేతిని చూసుకున్నాడు, వియ్యంకుడి కళ్లు చూశాడు. మెల్లగా పగడాన్ని తిరిగి బకెట్లో దించాడు.

“వాపసు తీసుకెళ్లి ఎక్కడ పెడతారు? బాల్కనీలో ఖాళీ తొట్టి ఉంది, అందులో ఉంటుంది. గుడ్లు పిల్లలైతే ఇద్దరం కలిసి మళ్లీ కడుగుదాం. ఇంత ముఖ్యమైన మాట ముందే చెప్పొద్దూ?”

“చెప్పించిన గదా!”

“చెప్పారండీ!” వేదవతి ముఖం ఎర్రబడింది. “నేనే మీతో అనలేదు. పురుగు పట్టిన తిండి వియ్యాలవారు తెస్తున్నారని ఏ నోటితో చెప్పను?”

“తిండేంది వదినా?”

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న తన్మయి నాన్న తడి చేతుల్నీ మామగారి చేతినీ చూసి బిత్తరపోయింది. “ఏమైంది? ఎవరన్నా చెప్పుండ్రి!”

“పకోడాలమ్మా!” అంది వేదవతి. “మీ అమ్మ ఫోన్‌లో పకోడాలకు పురుగులు పట్టాయి, కడిగి తెస్తాం అంది.”

“అయ్యో, నేనన్నది పగడాలు! ఆటోల లొల్లికి నీకట్ల వినబడ్డది. పకోడాలు ఎవరన్న కడుగుతరా వదినా?”

“మీ వైపు కడుగుతారేమో అనుకున్నాను. అడిగితే నొచ్చుకుంటారని...”