పాము ఎంగిలి పాలు

మా ఆయన మట్టయ్యకు కుక్కంటే భయం. బర్రె తల విదిలిస్తే భయం. కోడిపుంజు రెక్కలు టపటపలాడిస్తే నా వెనక్కి వచ్చి నిలబడతాడు. ఇటువంటి మనిషి సూర్యాపేటలో మా ఇంటి గోడ మీద ‘మట్టయ్య, పశువుల డిటెక్టివ్’ అని సున్నంతో రాయించుకున్నాడు. డిటెక్టివ్ అన్న ఆ మాట ఆయనకు బెజవాడ నుంచి వచ్చే చవక నవలల్లో దొరికింది. ఆ నవలల్లో జమీందార్ల నగలు పోతుంటాయి. మా దగ్గర నగలెక్కడివి? మాకు పోయేది కోడి, మేక. లేదంటే సంతలో కులాసాగా నడిచిన ఎద్దు ఇంటికి తోలుకొచ్చేసరికి కుంటుతుంది. వీటికి మాత్రం డిటెక్టివ్ వద్దా అన్నాడు.

నవ్వండి, నేనూ నవ్వాను. కానీ పశువును తాకకుండా, నాలుగు బారల దూరంలో నిలబడి, దాని చూపూ చెవులూ చూసి మనుషుల దొంగతనం పట్టేసేవాడు. భయపడే వాడి కళ్లు పని చేసినట్టు ధైర్యవంతుడి కళ్లు పని చేయవు.

ఆయన పేరు మోగింది కోదాడలో. అక్కడ ఒక శెట్టిగారి ఆవు పాలు తెల్లారేసరికి మాయమయ్యేవి. జెర్రిపోతు తాగిపోతోందని ఊరు ఊరంతా నమ్మింది. జెర్రిపోతు పశువు కాళ్లకు చుట్టుకుని పొదుగు చీకుతుందని మా వైపు ఎవరిని అడిగినా చెబుతారు. మా ఆయన నడిబజార్లో నిలబడి, “పాముకు పెదవులున్నయా సీకనీకి? పాము పాలు తాగుతదంటె నమ్మేటోడు గాడిద!” అన్నాడు. ఆ మర్నాడే శెట్టిగారి అల్లుణ్ణి చెంబుతో సహా పట్టిచ్చాడు. “ఏమన్నాడండీ మట్టయ్య! నమ్మేవాడు గాడిదంట!” అని కోదాడ వాళ్లు చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు. ఆ మాటే చివరికి మా కొంప ముంచింది.

నలభై ఎనిమిది ఎండాకాలం. ఇంకా నైజాం రాజ్యమే. పగలు దొరల మనుషులు, రజాకార్లు వచ్చేవారు. పొద్దుగూకితే దొరల మీద తిరగబడ్డ సంగం వాళ్లు వచ్చేవారు. ఎవరింటి ముందు బండి ఆగినా పక్కింటి వాళ్లకు కూడా ముద్ద దిగేది కాదు. ఒకరోజు మా ఇంటి ముందే ఆగింది. మిర్యాలగూడ దాటి త్రిపురారం వైపు వెళితే ఒక ఊరుంది, పేరు చెప్పను. ఆ ఊరి దొర కచ్చడం బండి పంపాడు. “దొర రమ్మన్నడు” అన్నాడు తోలుకొచ్చినవాడు, అంతే. రాకపోతే ఏమవుతుందని అడిగే ధైర్యం మాకు లేదు. ఒక్కణ్ణే పోలేనని మా ఆయన నన్నూ బండెక్కించాడు.

దొర ఉండే గడి కోటలా ఉంది, మేము లోపలికి అడుగు పెట్టగానే తలుపు మూసేశారు. లోపల తుపాకుల వాళ్లు అరుగుల మీద కూర్చుని చాయ తాగుతున్నారు. దొర పడక కుర్చీలో ఉన్నాడు. పక్కన మంచం మీద పోలీసు జమేదారు.

“మా పెద్దబర్రె పొద్దుగాల పాలిస్తలేదు,” అన్నాడు దొర. “మావోళ్లంత జెర్రిపోతు అంటున్నరు. నువ్వు కోదాడల ఏమన్నవో నాకెరికే. నేను గాడిదను గాను. దొంగెవడో సూపియ్యి.”

జమేదారు కప్పు కింద పెట్టాడు. “మొన్న వాగు కాడ ఒక సంగపోని దవడకు తూటా తాకింది. తప్పించుకున్నడు. దవడ పలిగినోడు బువ్వ నమలడు, పాలే తాగాలె. పాల దొంగ దొరికితె వాడు గూడ దొరుకుతడు. ఇద్దర్నీ ఒక్క తాడుకే కడ్త.”

ఆ మాట నవ్వుతూ అన్నాడు. నాకు చెమటలు పోశాయి.

మా ఆయనకూ పోశాయి. కానీ భయం ఎక్కువైతే ఆయన నోరు ఆగదు. “బర్రెనే చెప్తది దొరా! బర్రె తెలిసిన చేతికే సేపుతది. తెల్వనోడు ఎంత గుంజినా పొదుగులకెల్లి సుక్క దిగదు. మీ పాలు పిండే ఆయన్ను ఇడిసిపెట్టి, గడిల ఉన్నోళ్లందర్ని ఒక్కొక్కర్ని కూసోబెట్టున్రి. ఎవరి చేతికి సేపితె ఆళ్లే దొంగ!”

నేను గిచ్చేలోపే అయిపోయింది. దొర తొడ చరుచుకున్నాడు. సాయంత్రం పాలు పిండే వేళకు పరీక్ష పెడదామని, అప్పటిదాకా కొట్టం చూసి రమ్మని మమ్మల్ని పంపాడు.

కొట్టంలో అడుగు పెట్టామో లేదో మా ఆయన గావుకేక పెట్టి నా మెడ వాటేసుకున్నాడు. మూలన గోడ బొరియలోంచి కుబుసం వేలాడుతోంది. మనిషి నిలువంత ఉంది. “అది ఉత్త పొరనయ్యా, పాము ఎప్పుడో పోయింది” అని నేను విడిపించుకునేసరికి బయట కాపలావాడు పడి పడి నవ్వుతున్నాడు. మా ఆయన ఆ మూల వైపు వీపు పెట్టకుండా పక్కకు పక్కకు నడుస్తూ కొట్టమంతా చూశాడు. తలుపు దగ్గర పేడ గంప ముందు ఆగిపోయాడు.

“ఏమే, గంప అడుగున సూడు,” అన్నాడు గుసగుసగా. “పేడల గుండ్రంగ అచ్చుంది. ముంత అచ్చు. ముంతల పాలు పిండి, మీద పేడ కప్పి, తుపాకులోళ్ల ముంగట్నుంచే తీస్కపోతున్నరు. పేడగంపల చెయ్యి పెట్టి ఎవడు ఎతుకుతడు?” ఆయన కళ్లు మెరిశాయి. “దొ...” అని పెద్దగా నోరు తెరిచాడు. నా కొంగు ముద్ద చేసి ఆ నోట్లో కుక్కాను.

ఎందుకంటే ఆ గంప మనిషి మా ఎదురుగానే నిలబడి ఉంది. పేరు పెంటమ్మ. గడిలో వెట్టికి పేడ తీస్తుంది. ఆమె అలికిడికి బర్రె తల తిప్పి, దూడను పిలిచినట్టు సన్నగా ఒర్రింది.

“అది నా లచ్చి అక్కా,” అంది నాతో. కాపలావాడికి వినబడకుండా గొంతు తగ్గించింది. “దుడ్డెప్పటి సంది నా చేతుల మీద పెరిగింది. లెవీ ధాన్యం కొలువలేదని దొర తోలుకొచ్చిండు. నేను తాకితె సాలు, సేపుతది. వద్దన్నా ఆగది.” రెండు చేతులూ కొంగులో దాచుకుంది. పరీక్ష సంగతి అప్పటికే ఆమె చెవిన పడింది. “మా ఇంటాయనకు పాలు తప్ప ఏం దిగుతలేదు. జర మీ ఆయనకు చెప్పక్కా.”

కాపలావాడు ఇటు చూసేసరికి గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

మేమిద్దరం గడ్డి మీద కూలబడ్డాం. కొంగు నోట్లోంచి తీసి, “పారిపోదామే” అన్నాడు మా ఆయన.

“ఎటు? తలుపు కాడ తుపాకులున్నయి.”

“నాకు జొరమొచ్చిందని చెప్పు.”

“నువ్వు పండుకుంటె పరీక్ష ఆగుతదా? నోరు నీది, మెడ ఆమెది. జెర్రిపోతే తాగిందని చెప్పు.”

ఆయన ముఖం చిన్నబోయింది. “కోదాడల అంత మాటంటి. ఇప్పుడు పామంటె నన్నేమంటరే?”

“గాడిద అంటరు. అననీ! నీ పేరు కడుక్కొని తాగుతవా?”

నాకు నిజంగానే ఒళ్లు మండింది. ఆయన బర్రె కేసి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “అది గాదే. నేను పామన్నా తేలన్నా, పెంటమ్మ కూసుంటె బర్రె సేపుతది. అప్పుడు నా మాట ఎవడింటడు?”

ముత్యాలమ్మకు కోడిని మొక్కుకుని కూర్చున్నాను.

పొద్దు వాలింది. బర్రెను వాకిట్లో గుంజకు కట్టారు. గడిలో పనిచేసే వాళ్లందరినీ వరసగా నిలబెట్టారు. తలుపు కాసేవాడు కూర్చున్నాడు, బర్రె తన్నింది. వంటమనిషి కూర్చుంది, తోకతో మొహం మీద కొట్టింది. తుపాకుల వాళ్లకు అదొక తమాషా అయింది. చాయ కప్పులు పట్టుకుని చుట్టూ మూగారు. వరస తరుగుతూ వచ్చింది. చిట్టచివర పెంటమ్మ ఉంది, కళ్లు నేలకు వేసుకుని.

ఆమె వంతు వచ్చింది. రెండడుగులు ముందుకు వేసింది, అంతే. ఇంకా కూర్చోలేదు, చెయ్యి వేయలేదు. బర్రె ముట్టె ఎత్తి వాసన పట్టింది. చెవులు నిక్కాయి. చన్ను కొసన తెల్లగా ఒక చుక్క నిలిచింది. నేను చూశాను. మా ఆయనా చూశాడు. ఇంకొక్క క్షణమైతే జమేదారూ చూస్తాడు.

“పాము! జెర్రిపోతు! కాళ్లల్ల జొచ్చింది!”

అరిచింది మా ఆయనే. పాము అన్నవాడు వెనక్కి కదా పరిగెత్తాలి, ఈయన ముందుకు పరిగెత్తాడు. కోడిపుంజుకు భయపడే మనిషి పోయి పోయి బర్రె వెనక కాళ్ల మధ్య పడ్డాడు. అది ఎగిరి దూకింది. పలుపు తెంపుకోబోయింది. ఒక్క తన్ను ఆయన డొక్కలో పడింది, ఆ చప్పుడు నాకు వినిపించింది. కప్పులు ఒలికాయి, తుపాకులు లేచాయి. అందరూ సర్దుకునేసరికి బర్రె కళ్లు తెల్లగా తేలేసి ఒళ్లంతా వణుకుతోంది.

జమేదారు మాత్రం మంచం మీంచి కదల్లేదు. “కానియ్యి. దాన్ని గూడ కూసోబెట్టున్రి.”

పెంటమ్మ కూర్చుంది. పిండింది. చుక్క రాలేదు. మళ్లీ పిండింది. రాలేదు. బెదిరిన బర్రె పాలు పైకి ఎగబట్టుకుంటుంది, అప్పుడు సాకిన చేతికి కూడా ఇవ్వదు. దొరకు తాగడమే తప్ప పిండడం తెలియదు. పాలు పిండే ముసలాయనకు తెలుసు. ఆయన ఎవరి ముఖమూ చూడకుండా పలుపు ముడి సరిచేస్తూ ఉండిపోయాడు. భయం ఎంత పని చేస్తుందో మా ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

“పాము ఏదిరా?” అన్నాడు దొర.

మా ఆయన డొక్క పట్టుకుని లేచాడు. “కొట్టంల బొరియల జొచ్చింది దొరా.”

“పోయి పట్టుకరా.”

నేను వెంట వెళ్లబోతే కాపలావాడు అడ్డం నిలిచాడు. ఆయన ఒక్కడే లోపలికి వెళ్లాడు. ఎంతకీ రాడు. వచ్చేటప్పుడు చెయ్యి చాపి, రెండు వేళ్లతో ఆ కుబుసం పట్టుకుని వచ్చాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మూసిన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. “ఇగో దొరా. నిలువెత్తు జెర్రిపోతు. గిదే తాగుతున్నది.”

“కోదాడల పాము పాలు తాగదంటివి గద?”

“అంటి దొరా.”

“నమ్మేటోడు ఏందంటివి?”

“గాడిద అంటి.”

“మరిప్పుడు నువ్వేంది?”

మా ఆయన కళ్లు తెరిచి నావైపు చూశాడు. “గాడిదను దొరా.”

“గాడిదలు మాట్లాడతయా?” అన్నాడు జమేదారు.

కుబుసం చేతిలో అలాగే ఉంది. మా ఆయన ఓండ్ర పెట్టాడు. ఇంకా గట్టిగా అన్నారు. ఇంకా గట్టిగా పెట్టాడు. గడి మొత్తం నవ్వింది. ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ పెళ్లినాడు కూడా పుట్టలేదు.

ఆ నవ్వుల మధ్య మేడ మీంచి దొరసాని కేక వినిపించింది. “అయితె ఇన్నొద్దులు నేను తాగింది పాము ఎంగిలి పాలా!” వెంటనే భళ్లున కక్కిన చప్పుడు. జమేదారు తన కప్పులోకి చూసుకున్నాడు. థూ అని ఉమ్మాడు. తుపాకుల వాళ్లంతా వరసగా ఉమ్మడం మొదలుపెట్టారు. దవడ పగిలిన మనిషి సంగతి ఆ పూటకు ఎవరికీ గుర్తు రాలేదు. “ఆ బర్రె నా గడిల ఉండొద్దు!” అని పైనుంచి మళ్లీ కేక.

పాము ఎంగిలి బర్రెను ఎవరు తోలుకుపోతారు? దొర చుట్టూ చూశాడు. దగ్గర్లో పెంటమ్మ కనబడింది. “నీ దొడ్లె కట్టేస్కోవే. మల్ల ఈనితె దుడ్డెను తెచ్చియ్యి.”

పెంటమ్మ వంగి దండం పెట్టింది, లేచినా ముఖం కనబడనివ్వలేదు. పలుపు పట్టుకోకుండానే లచ్చి ఆమె వెనక నడిచిపోయింది.

మేము సూర్యాపేట చేరకముందే ఆ ఓండ్ర చేరింది. వీధిలో పోతుంటే పిల్లలు ఓండ్ర పెట్టేవారు. “ఏమండీ మట్టయ్యగారూ, ఒక్కసారి మాకూ వినిపించండి” అని కోదాడ నుంచి వచ్చినవాళ్లు నిలబెట్టి అడిగేవారు. కోడి పోయిన వాళ్లు కూడా మా గడప తొక్కలేదు. గోడ మీది అక్షరాలను ఆయనే పేడతో అలికేసుకున్నాడు. నాకు కడుపు రగిలేది. ఈయన గాడిద కాదురా అని నడిబజార్లో అరవాలనిపించేది. అరిస్తే అక్కడ ఒక ప్రాణం పోతుంది.

వానాకాలం చివర యూనియన్ మిలిటరీ వచ్చింది. నైజాం రాజ్యం పోయింది, రజాకార్లు పోయారు. ఇక భయం లేదనుకున్నాం. కానీ పారిపోయిన దొరలు మిలిటరీ వెనకే తిరిగి వచ్చారు. సంగం వాళ్ల కోసం వెతుకులాట ఆగలేదు. మా నోళ్లూ తెరుచుకోలేదు.

చలి మొదలయ్యాక మిరపకాయల కోసం మిర్యాలగూడ సంతకు వెళ్లాం. వేయించిన శనగల కుప్ప ముందు పెంటమ్మ కూర్చుని ఉంది. ఒక గింజ పంటి కింద వేసి కొరికి, “మెత్తయి వద్దు, గట్టియే పొయ్యి” అని బేరం ఆడుతోంది. మమ్మల్ని చూసింది. అటూ ఇటూ చూసుకుంది. నేను పక్కన వంగి, “ఎవరికే అవి?” అన్నాను.

శనగలు కొంగున ముడి వేసుకుని లేస్తూ నా చెవిలో అంది.

“నములుతున్నడక్కా.”

మరో మాట లేకుండా జనంలో కలిసిపోయింది.

ఆ మాట నేను మా ఆయన చెవిలో వేశాను. ఆయన చాలాసేపు ఆ శనగల కుప్పనే చూస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి ఎవడో గుర్తుపట్టి ఓండ్ర పెట్టాడు. ఎప్పుడైనా తల దించుకుని నడిచిపోయేవాడు. ఆ రోజు మిరపకాయల గంప కింద పెట్టి, కళ్లు తుడుచుకుని, మొహం పైకెత్తి, సంత మొత్తం అదిరిపోయేలా తిరిగి ఓండ్ర పెట్టాడు.

ఆ చప్పుడుకు ఒక ఎద్దు తాడు తెంపుకుని మావైపు రాబోయింది. మా ఆయన నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు.