ఆఖరికి ఏమన్నడు?

దొంతన్‌పల్లి నుంచి వచ్చిన పెంటమ్మ ఆటో దిగుతూనే కళ్ళు తుడుచుకుంది. చాయ్ గ్లాసు చేతికొచ్చాక చాప మీద కాళ్ళు మడిచి కుదురుగా కూర్చుంది. ఆ రోజు ఆ ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్ళలో ఆమె మూడో మనిషి.

"చెప్పు బిడ్డా, గా గోడ ఎట్ల కూలింది?"

పొద్దున రెండుసార్లు చెప్పి సమత గొంతు బొంగురుపోయింది. అత్త అంతమ్మ మోచేత్తో పొడిచింది.

"నీ మొగనికి మేనత్తనే. అంత దూరంకెల్లి వచ్చింది. మొదటికెల్లి చెప్పు."

సమత మొదటినుంచి చెప్పింది. ఎంకపల్లిలో ఫామ్‌హౌస్ చుట్టూ రాతిగోడ. జగదీశ్ మేస్త్రి, తను సిమెంటు మాలు తట్ట మోసే కూలి. రాత్రంతా వాన. పునాది ఇంకా పచ్చిగా ఉందని జగదీశ్ అన్నాడు. ఆదివారం దావత్ ఉంది, శనివారానికల్లా గోడ లేవాల్సిందేనని సేటు అన్నాడు. గోడ లేచింది. జగదీశ్ మీదే కూలింది.

పెంటమ్మ పైపెదవికి పాల మీగడ అంటుకుంది. వినే ధ్యాసలో తుడుచుకోవడం మరిచిపోయింది. సమత ఆ మీగడనే చూస్తూ చెప్పింది. పెదవి కదిలినప్పుడల్లా అది ముడతలు పడుతోంది.

"రాళ్ళ కిందకెల్లి మాట్లాడిండంట గద. ఆఖరికి ఏమన్నడు?"

అందరూ ఇక్కడికే వస్తారు. దీనికోసమే వస్తారు.

"'బిడ్డ పైలం' అన్నడు."

పెంటమ్మ "అయ్యో కొడుకా" అని, కడుపు నిండిన మనిషిలా గట్టిగా ఊపిరి వదిలింది. మిగిలిన చాయ్ అప్పుడు తాగింది.

బిడ్డ జాగ్రత్త అన్న ఆ మాట జగదీశ్ అనలేదు. దినాలు కాకముందే ఎవరో "బిడ్డను యాది చేసిండా?" అని అడిగారు. సమత తల ఊపింది. సాయంత్రానికి ఆ తల ఊపడమే మాటై, చచ్చినవాడి మాటై ఊరంతా తిరిగి వచ్చింది. ఇక దాన్ని మార్చడానికి వీల్లేకపోయింది. వచ్చినవాళ్ళకు చెప్పకపోతే వాళ్ళను తక్కువ చేసినట్టు. ఏడవకుండా చెబితే మొగుడి మీద ప్రేమ లేనట్టు. చెప్పాక ఆమెకు ఏమవుతుందో అడిగినవాళ్ళు లేరు. ఇంటి వెనుక మోరీ దగ్గర కక్కుకునేది. ఎండలో కూడా చేతులు చల్లబడేవి. పొద్దుగూకి జొన్నపిండిలో వేడినీళ్ళు పోసి చేయి పెట్టగానే, వేళ్ళ సందుల్లో అంటుకున్న తడి పిండి మాలు అయిపోయేది. చేయి లాక్కుని గడపలో కూలబడేది.

అంతమ్మ గొణుక్కుంటూ తనే రొట్టెలు చేసేది. గాలి సోకిందని మరిది బాలరాజ్ తాయత్తు కట్టించాడు. తాయత్తు కింద చర్మం ఒరుసుకుపోయి పుండైంది.

నిద్ర పట్టడం లేదంటే ఆశ వర్కర్ ఆమెను చేవెళ్ల సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ ఒక పక్క తెర కట్టిన గదిలో గురువారం గురువారం ప్రేమజ్యోతి అనే కౌన్సెలర్ కూర్చుంటుంది. కుర్చీలో కూర్చోగానే, ఎవరూ అడగకముందే, సమత మొదలుపెట్టింది.

"రాత్రంత వాన పడ్డది మేడం. పునాది పచ్చిగున్నది..."

"ఆగమ్మా," అంది ప్రేమజ్యోతి. "ఇయ్యాల గది చెప్పే పని లేదు. నీకు చెప్పాలనిపించిననాడు చెప్పు. నడుమల ఆపాలనిపిస్తే ఆపెయ్. నేనైతే అడగ."

సమతకు మొదట కోపం వచ్చింది. ఇంత దూరం బస్సులో వస్తే వినను అంటుందేమిటి? తర్వాత నోటిని ఏం చేసుకోవాలో తెలియలేదు. అరికాళ్ళు నేలకు ఆనించి, నేల ఎంత చల్లగా ఉందో మాత్రం చూడమంది ప్రేమజ్యోతి. గదిలో ఫినాయిల్ వాసన. అవతల ఎవరి పిల్లో సూదికి ఏడుస్తోంది. కూలిన గోడ దగ్గర కాకుండా తను ఇంకోచోట ఉన్నట్టు సమతకు చాలా కాలానికి తెలిసింది.

"మందియ్యలే, సూది ఇయ్యలే. ఊకె కూసుండేటందుకు బస్సు కిరాయి దండుగ," అన్నాడు బాలరాజ్. "చేవెళ్ల బస్సే వదినె, జర దూరం పోతే ఎర్రగడ్డ పిచ్చి దవాఖాన వస్తది."

అంతమ్మ కూడా నవ్వింది.

సమత మానలేదు. కొన్ని వారాలు వెళ్ళినదానికంటే అధ్వాన్నంగా తిరిగొచ్చేది. ప్రేమజ్యోతి చెప్పినట్టు ఇంటి దగ్గర ముందు పొడిపిండిని వేళ్ళతో ముట్టుకోవడం, తర్వాత రెండు చుక్కల నీళ్ళు, ఒళ్ళు జలదరిస్తే ఆగి నేలను చూడటం. ఇదే ఆమె మందు. ఒక గురువారం, అడగకుండానే, ఎవరికీ చెప్పనిది చెప్పింది.

"'బిడ్డ పైలం' అనలే మేడం. 'కాలు తియ్' అన్నడు. నేను రాళ్ళ మీదికెక్కిన. కింద మనిషున్నడని తెలిసే ఎక్కిన. కాలు తీసిన. ఆయన ఇగ మాట్లాడలే."

ప్రేమజ్యోతి అయ్యో అని నోరు చప్పరించలేదు. పాపం అనలేదు. నీ తప్పేం లేదనీ అనలేదు. సమత శ్వాస కుదుటపడేదాకా ఆగి అడిగింది.

"అప్పుడు నీ చేతులేం జేస్తున్నయమ్మా?"

"చేతులా?"

"ఆఁ. కాలు రాళ్ళ మీదున్నది. మరి చేతులు?"

సమత చాలాసేపు తన చేతులను చూసుకుంది.

"రాళ్ళెత్తుతున్నయి. ఎత్తి అవతల పడేస్తున్నయి."

అన్నిసార్లు చెప్పిన కథలో ఒక్కసారీ ఆ చేతులు లేవు. ఆనాడు ఊడిన బొటనవేలి గోరు మళ్ళీ మొలిచిందని ఆమె అప్పుడే చూసింది.

ఆ ఆదివారం పొద్దున గిన్నెలో జొన్నపిండి పోసుకుని కూర్చుంటే, వాకిట్లోంచి ఐదేళ్ళ కూతురు వర్షిత గొంతు వినిపించింది. పక్కింటి పిల్లతో ఆడుకుంటోంది. కంకర్రాళ్ళు కుప్ప పోశారు. కొబ్బరి చిప్పలో నీళ్ళు పోసి వర్షిత చాయ్ ఇచ్చింది. పక్కింటి పిల్ల కళ్ళు తుడుచుకుని, తల ఒక పక్కకు వాల్చి, "ఆఖరికి ఏమన్నడు?" అంది. పెంటమ్మ గొంతే.

సమత గిన్నె పక్కకు నెట్టింది. లేవబోయేలోగా గేటు దగ్గర బండ్లు ఆగాయి. సర్పంచ్‌గా నిలబడబోతున్న శాంతయ్య నలుగురితో వచ్చాడు. ఒకడు అప్పుడే ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"వదినే, జల్దీ రా! శాంతయ్యన్న వచ్చిండు. వీడియో పెడ్తరంట," అని కేకేశాడు బాలరాజ్.

సమత కదల్లేదు. వర్షిత కంకర వదిలేసి వాళ్ళ ముందుకు పోయింది.

"మా బాపు ఏమన్నడో నేను చెప్పనా?"

మొగవాళ్ళు నవ్వారు. "చెప్పు తల్లీ, చెప్పు," అన్నాడు శాంతయ్య. ఫోన్ కిందికి వంగింది. వర్షిత నేర్చుకున్నట్టే కళ్ళు తుడుచుకుంది.

సమత బయటికొచ్చి బిడ్డ చేయి పట్టుకుంది.

"అది చెప్పది. నేను చెప్ప."

"కోపమెందుకు చెల్లె? అంత వద్దులే. ఆఖరికి ఏమన్నడో గదొక్కటి..."

"గది నాకు, నా మొగనికి నడుమ మాట. ఎవ్వరికీ చెప్ప."

"ఇజ్జత్ తీస్తున్నవ్ వదినె," అన్నాడు బాలరాజ్, పళ్ళ సందుల్లోంచి. "దవాఖానకు పోయి నేర్సింది గిదేనా?"

"గిదే."

అంతమ్మ కొంగు సర్దుకుని ఫోన్ ముందుకు జరిగింది. "నా కొడుకు, బిడ్డ పైలమమ్మా అన్నడు..." అని రాగం ఎత్తుకుంది. గోడ కూలిననాడు అంతమ్మ అక్కడ లేదు. అయినా ఆ మాట ఆమెకు కావాలి. సమత కాదనలేదు. బాలరాజ్ చాయ్ గ్లాసులు అందించాడు. ఫోన్ పట్టుకున్నవాడు ఇంకొంచెం దగ్గరికి జరిగాడు.

సమత బిడ్డను వంటింట్లో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, పిండిలో వేడినీళ్ళు పోసింది. చేయి పెట్టింది. ముంజేతి మీద వెంట్రుకలు లేచాయి. వేళ్ళ సందుల్లో తడి పిండి పట్టుకుంది. అరికాళ్ళు నేలకు గట్టిగా ఆనించింది.

"అమ్మా, రొట్టె చేస్తవా?"

బయట అంతమ్మ ఏడుపు తారస్థాయికి చేరింది. విన్నవాళ్ళ నోటి చప్పరింతలు వినిపిస్తున్నాయి. సమత పిండిలోంచి చేయి తీయలేదు.